కాంతి చెప్పు సాక్ష్యము: అణువుల కుడి యెడమలు

కుడిచేతిని అద్దము ముందుంచిన యెడల అందులో కనబడునది ఎడమచేయి. వ్రేళ్లు ఐదే, వాని పొడవులును, వరుసయు అవియే. అయినను ఒక చేతిని రెండవదానిపై అన్ని విధముల సరిపోవునట్లు అమర్చలేము. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. రసాయన శాస్త్రమునందు అనేక అణువులు ఈ చేతుల వంటివే. ఒకే పరమాణువులు, ఒకే బంధములు, ఒకే ద్రవీభవన స్థానము కలిగియుండి, కేవలము బింబ ప్రతిబింబములవలె మాత్రమే భేదించు రెండు అణువులను ప్రతిబింబ రూపములందురు. అట్టి భేదమునకు తావిచ్చు అణువు కైరల్ అణువు. ఈ పేరు చేయి అను అర్థముగల గ్రీకు పదమునుండి పుట్టినది. ఒక మొక్కనుండి వేరుచేసిన పదార్థము ఈ రెండు రూపములలో ఏది యని నిశ్చయించుటను నిరపేక్ష విన్యాస నిర్ణయము అందురు. కంటికి కనబడని అణువు కుడిదో ఎడమదో కాంతి సహాయమున ఎట్లు తెలిసికొందుమో, అందు ఎంతవరకు నమ్మవచ్చునో ఈ వ్యాసమున వివరింప యత్నింతుము.

ఇది పండితుల వినోదము మాత్రమే యని తలపరాదు. మన శరీరములోని ప్రోటీనులు, ఎంజైములు అన్నియు కైరల్ అణువులే. కుడిచేతి తొడుగులోనికి ఎడమచేయి సరిగా దూరనట్లే, ఒక రూపమునకు అమరిన గ్రాహకము రెండవ రూపమును అదే విధముగా స్వీకరింపదు. కార్వోన్ అను నూనె పదార్థము ఇందుకు సులభమైన ఉదాహరణము. దాని వామభ్రమణ రూపము పుదీనా జాతులలో నొకటియైన స్పియర్‌మింట్ వాసన నిచ్చును. దక్షిణభ్రమణ రూపము సోయకూర గింజలలో నుండి, వేరొక వాసన నిచ్చును. అణుసూత్రము ఒకటియే, ముక్కు మాత్రము రెండింటిని వేరుగా గుర్తించుచున్నది.

వాసన విషయమున భేదము వేడుక. ఔషధ విషయమున అదే ప్రాణసమస్య. మన పొదలలో పెరుగు దూలగొండిని ఎరుగనివారుండరు. దాని కాయపై నూగు తగిలిన దురద ఇంతింత కాదు. హకీములు కౌంచ్ అని వాడు ఆ గింజలలో డోపా అను పదార్థము కలదు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి గారలు దానిని ఈ గింజలనుండి వేరుచేసిరి. మొక్కలో నుండునది ఎల్ రూపము మాత్రమే. 1967లో అమెరికా వైద్యుడు కోట్జియాస్, ఆయన సహచరులు పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులకు రెండు రూపములును సమానముగా కలిసిన డోపాను ఇచ్చి చూచిరి. కంపము, బిగుసుదనము తగ్గి మేలు కలిగెను. కాని కొందరి రక్తములో తెల్లకణములు తగ్గిపోయెను. పిమ్మట ఎల్ రూపమును మాత్రమే ఇచ్చినపుడు తక్కువ మోతాదు సరిపోయెను. ఆ రక్తదోషమును కనబడలేదు. అనవసరమైన సగము నిరపాయమైన సగము కానక్కరలేదని దీనివలన తెలియుచున్నది. ఎల్ రూపమును మాత్రమే కర్మాగారమున తయారుచేయు మార్గమును చూపిన విలియమ్ నోల్స్‌కు 2001లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

భ్రమణము చెప్పునది, చెప్పనిది

సాధారణ కాంతిలో కంపనములు అన్ని దిశలయందు నుండును. ధ్రువణము చేసిన కాంతిలో అవి ఒకే తలమున నుండును. 1815లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో, టర్పెంటైను వంటి కొన్ని ద్రవములు ఈ తలమును త్రిప్పునని కనుగొనెను. సవ్యముగా త్రిప్పునది దక్షిణభ్రమణము. దానిని ధన చిహ్నముతో చూపుదురు. అపసవ్యముగా త్రిప్పునది వామభ్రమణము. దానికి ఋణ చిహ్నము. 1848లో పాశ్చర్ సోడియమ్ అమ్మోనియమ్ టార్ట్రేటు స్ఫటికములను పరిశీలించి, అవి ఒకదానికొకటి ప్రతిబింబములైన రెండు రకములని గ్రహించెను. వానిని చేతితో ఏరి వేరుచేసి నీటిలో కరగించగా, ఒక ద్రావణము తలమును కుడికి, రెండవది అంతే పరిమాణమున ఎడమకు త్రిప్పెను. 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనువారు వేర్వేరుగా దీనికి కారణము చెప్పిరి. కర్బనపు నాలుగు బంధములు చతుర్ముఖి మూలలవైపు సాగుననియు, నాలుగింటను నాలుగు వేర్వేరు సమూహములున్నచో రెండు అమరికలు సాధ్యమనియు వారి సిద్ధాంతము.

ఇచట విద్యార్థులు తరచుగా పొరబడు విషయమొకటి కలదు. పదార్థము కాంతిని కుడికి త్రిప్పినది గనుక అణువు కుడి రూపమే యని తలచుట సరికాదు. భ్రమణము మనము కొలిచిన గుణము. విన్యాసము అణువులోని అమరిక. ఈ రెంటికిని నేరుగా సంబంధము లేదు. డిగ్రీ ప్రయోగశాలలలో చేయు చక్కెర విలోమ ప్రయోగమే ఇందుకు చాలిన నిదర్శనము. చెరకు చక్కెర విశిష్ట భ్రమణము ధన 66.5 డిగ్రీలు. ఆమ్లము చేర్చగా అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవును. గ్లూకోజు ధన 52.7 డిగ్రీలు, ఫ్రక్టోజు ఋణ 92 డిగ్రీలు. రెండును సమపాళ్లలో నుండుటచే మిశ్రమము సుమారు ఋణ 20 డిగ్రీలు చూపును. ధనము ఋణమైనది, కాని ఈ రెండు శర్కరలును డి శ్రేణికి చెందినవే. లాక్టిక్ ఆమ్లము మరియు చిత్రమైనది. దాని ఎల్ రూపము దక్షిణభ్రమణము. అదే ఆమ్లమును లవణముగానో ఎస్టరుగానో మార్చినచో వామభ్రమణమగును. కైరల్ కర్బనముయొక్క బంధములలో ఒక్కటియు తెగలేదు. గుర్తు మాత్రము మారినది.

అరువది యేండ్ల ఊహ

ఈ చిక్కు ఎంత లోతైనదో ఎమిల్ ఫిషర్ చరిత్ర తెలుపును. గ్లూకోజువలె ఆరు కర్బనములుగల ఆల్డోజులకు 16 రూపములు సాధ్యము. వీనిలో గ్లూకోజు ఏది యని ఫిషర్ 1891లో అద్భుతమైన తర్కముతో శోధించి రెండింటికి కుదించెను. మిగిలిన ఆ రెండును ఒకదానికొకటి ప్రతిబింబములు. వానిలో ఏది నిజమైనదో తేల్చుటకు ఆనాడు ఏ సాధనమును లేదు. కావున ఆయన ఒకదానిని ఎంచుకొని, తక్కిన శర్కరలన్నింటిని దాని ననుసరించి వ్రాసెను. ఉర్దూ, తెలుగు విభాగములు రెండును గల మా వంటి సంచికను చదువువారికి ఈ స్థితి సులభముగా అర్థమగును. పుటలన్నియు వరుస తప్పకుండ కుట్టబడినవి. కాని ఏ అట్టవైపునుండి ఆరంభింపవలెనో చెప్పువారు లేరు. పుటల పరస్పర సంబంధము నిశ్చితము. మొదలు మాత్రము ఊహ.

ఈ ఊహ 60 సంవత్సరములు నిలిచెను. 1951లో హాలండులోని యూట్రెక్ట్ నగరమున బైవూట్, ఆయన సహచరులు పీర్డెమాన్, వాన్ బొమ్మెల్ దానిని పరీక్షించిరి. సాధారణ ఎక్స్ కిరణ ప్రయోగము ప్రతిబింబ రూపములను వేరుపరుపజాలదు. రెండును ఒకే నమూనా మచ్చల నిచ్చును. కాని స్ఫటికములోని ఒక బరువైన పరమాణువు గట్టిగా శోషించు తరంగదైర్ఘ్యమును ఎంచుకొన్నచో, ఆ పరమాణువునుండి వెదజల్లబడు కిరణములలో స్వల్పమైన దశాభేదము కలుగును. దానివలన సమానముగా నుండవలసిన మచ్చల జంటలలో ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు తీవ్రత పొందును. వారు సోడియమ్ రుబీడియమ్ టార్ట్రేటు స్ఫటికముపై జిర్కోనియమ్ ఎక్స్ కిరణములను ప్రయోగించి, టార్టారిక్ ఆమ్లము నిజమైన అమరికను నిర్ణయించిరి. ఫిషర్ ఎంపిక సరియైనదేయని తేలినది. గ్రంథములలోని చిత్రములను తిరగవ్రాయవలసిన పని తప్పినది.

ఫిషర్ ఊహ నిజమగుట అదృష్టము. కాని అది ఊహ యని మరువకుండుట శాస్త్రధర్మము. తరువాత కాన్, ఇన్‌గోల్డ్, ప్రెలోగ్ అనువారు ఏర్పరచిన నియమములనుబట్టి, ప్రతి కైరల్ కేంద్రమునకు ఆర్ లేక ఎస్ అను గుర్తు నిచ్చుట ఆచారమైనది. ఈ అక్షరములును అమరికకు పేర్లే. భ్రమణ చిహ్నములు కావు.

వర్ణపటముల సహాయము

ఎక్స్ కిరణ పద్ధతికి మంచి స్ఫటికము కావలెను. వేరులనుండి, బెరడునుండి వచ్చు పదార్థములు పెక్కుసార్లు కొద్ది మిల్లీగ్రాముల జిగురుగానో నూనెగానో లభించును. అట్టిచోట ద్రావణముతోనే పనిచేయు వర్ణపట పద్ధతులు ఆదుకొనును.

వీనిలో ముఖ్యమైనది వృత్తాకార ద్వివర్ణత. ఒక తలమున ధ్రువితమైన కాంతిని, కుడి మరలవలెను ఎడమ మరలవలెను చుట్టుకొనుచు సాగు రెండు కిరణముల కలయికగా భావింపవచ్చును. కైరల్ ద్రావణమున ఈ రెంటి వేగములు వేరగుటచే తలము తిరుగును, అదే భ్రమణము. అణువు కాంతిని శోషించు తరంగదైర్ఘ్యము వద్ద ఈ రెంటి శోషణము కూడ వేరుగా నుండును; ఆ తేడాయే ద్వివర్ణత. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎమె కాటన్ దీనిని 1895లో వర్ణించినందున ఈ వక్రరేఖలకు కాటన్ ప్రభావమని పేరు వచ్చినది. తేడా చాల స్వల్పము. సాధారణముగా మొత్తము శోషణములో నూరవ వంతునుండి వేయవ వంతు వరకు నుండును. ప్రతిబింబ రూపముల వక్రరేఖలు సరిగా ఒకదానికొకటి తలక్రిందులు. సోడియమ్ దీపముక్రింద చూచిన భ్రమణము ఒకే ఒక సంఖ్య. అందు అణువులోని అన్ని శోషణముల ప్రభావమును కలగలిసిపోవును. ద్వివర్ణతయో, ఏ వర్ణజనక సమూహము ఏ తరంగదైర్ఘ్యము వద్ద ఏ గుర్తు చూపుచున్నదో విడదీసి తెలుపును. అందుచే దీని సాక్ష్యము బలవత్తరము.

అయినను వక్రరేఖ తనంత తాను ఆర్ అనియు ఎస్ అనియు పలుకదు. దానిని చదువుటకు మూడు దారులు కలవు.

మొదటిది, నియమములతో పోల్చుట. కార్ల్ జెరాసీ 1950వ దశకమున స్టెరాయిడు కీటోనులనేకము పరిశీలించి, భ్రమణము తరంగదైర్ఘ్యముతోబాటు ఎట్లు మారునో నమోదు చేసెను. 1961లో ఆయనయు, మఫిట్, వుడ్‌వర్డ్, మాస్కోవిట్జ్, క్లైన్ అనువారును అష్టభాగ నియమమును ప్రకటించిరి. కార్బొనైల్ సమూహము చుట్టునున్న చోటును, పుచ్చకాయను కోసినట్లు, ఎనిమిది భాగములు చేయుదురు. ఆక్సిజన్ వైపునుండి చూచునపుడు, వెనుక భాగములలో పై ఎడమయు క్రింది కుడియు ధనము. తక్కిన రెండును ఋణము. అణువుయొక్క ఎక్కువ భాగము ఎచట నున్నదో దానినిబట్టి, సుమారు 290 నానోమీటర్ల వద్ద కనబడు కాటన్ ప్రభావపు గుర్తును ఊహింపవచ్చును. తెలిసిన కుటుంబమునకు చెందిన కీటోనులకు ఇది చక్కగా పనిచేయును.

రెండవది, ఇద్దరు సాక్షులను ఎదురెదురుగా నిలుపుట. ఒక అణువులో రెండు హైడ్రాక్సిల్ సమూహములు దగ్గరగా నున్నచో, వానికి బెంజోయేటువంటి బలమైన వర్ణజనకములను తగిలింతురు. ఆ రెండును ఒకదానితో నొకటి స్పందించుటచే వక్రరేఖ రెండుగా చీలి, ఒక శిఖరమును ఒక లోయయు కనబడును. ముందున్న వర్ణజనకమునుండి వెనుకదానికి పోవు మలుపు సవ్యమైనచో, ఎక్కువ తరంగదైర్ఘ్యము వద్ద ధన చిహ్నము వచ్చును, అపసవ్యమైనచో ఋణము. నొబుయుకి హరాడ, కోజి నకనిషి 1969నుండి పెంపొందించిన ఈ పద్ధతికి పూర్వము తెలిసిన నమూనా అవసరము లేదు. మలుపే గుర్తును నిర్ణయించును.

మూడవది, లెక్క వేయుట. కంప్యూటర్ల బలము పెరిగిన పిమ్మట, ఒక విన్యాసమును ఊహించి, ఆ అణువు ఎన్ని భంగిమలలో నుండగలదో చూచి, ప్రతి భంగిమకు వక్రరేఖను క్వాంటమ్ సిద్ధాంతముతో గణించి, వానిని తగిన పాళ్లలో కలిపి, ప్రయోగముతో సరిచూచుట నేడు వాడుకలో నున్నది. పరారుణ కాంతితో కొలుచు కంపన ద్వివర్ణత 1970వ దశకమున వెలుగుచూచినది. ఇందు తేడా మరింత సూక్ష్మము, పదివేలవ వంతునుండి లక్షవ వంతు వరకు. కాని అణువులోని ప్రతి బంధమును కంపించును గనుక ఒక్క వక్రరేఖలోనే అనేక గుర్తులు లభించును.

మన పత్తిగింజలలోని గాసిపాల్ ఇట్టి పరిశోధనకు తగిన దృష్టాంతము. ఇందులో కైరల్ కర్బన మొక్కటియు లేదు. రెండు సమాన భాగములు ఒకే బంధముతో కలిసి, ప్రక్కలనున్న సమూహములు అడ్డగించుటచే తిరుగలేక, మెలికపడి నిలిచిపోవును. ఆ మెలిక కుడికా, ఎడమకా అనునదే విన్యాసము. పత్తిగింజలలో రెండు రూపములును నుండగా, మన ఊళ్లలోని గంగరావి చెట్టు దక్షిణభ్రమణ రూపము నిచ్చును. వృత్తాకార ద్వివర్ణతతోను, 2003లో కంపన ద్వివర్ణతతోను ఈ విషయము పరిశీలింపబడినది. వామభ్రమణ రూపము ఆర్ అనియు, దక్షిణభ్రమణ రూపము ఎస్ అనియు నిశ్చయమైనది. జీవులపై ప్రభావమున వామభ్రమణ రూపమే బలమైనది.

అయస్కాంతమునకు తోడు కావలెను

అణువుల నిర్మాణము తెలిసికొనుటకు అందరు వాడు కేంద్రక అయస్కాంత అనునాదము ఒంటరిగా ప్రతిబింబములను వేరుపరుపజాలదు. రెండింటికిని ఒకే వర్ణపటము వచ్చును. చీకటిలో తొడుగు కుడిదో ఎడమదో తెలియవలెనన్న మన చేతిని అందులో దూర్చి చూడవలెను గదా! డేల్, మోషర్ 1973లో చూపిన ఉపాయ మట్టిదే. విన్యాసము తెలిసిన ఒక కైరల్ ఆమ్లమును తీసికొని, దాని రెండు రూపములతోను పరీక్షింపవలసిన ఆల్కహాలును వేర్వేరుగా ఎస్టరు చేయుదురు. ఆ ఆమ్లములోని ఫినైల్ వలయము తన వైపున్న హైడ్రోజనుల సంకేతములను కొంచెము ప్రక్కకు జరుపును. రెండు ఎస్టరుల సంకేతములను ఒకదానినుండి ఒకటి తీసివేసినచో, కైరల్ కేంద్రమునకు ఒక ప్రక్కనున్న హైడ్రోజనులన్నింటికి ధనమును, రెండవ ప్రక్కవానికి ఋణమును వచ్చును. దానినుండి అమరిక చదువవచ్చును. 1991లో జపాను శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని అణువంతటికిని విస్తరింపజేసిరి. గుర్తులు ఒకే ప్రక్కన కలగాపులగమైనచో ఆ ఫలితమును విడిచిపెట్టవలెనని పద్ధతియే హెచ్చరించును. అదియే దాని గొప్పతనము.

ఎంత నమ్మవలెను?

ప్రతి సాక్షికిని ఒక హద్దు కలదు. పదార్థములో కొద్దిపాటి మలినము బలమైన భ్రమణము కలదైనచో గుర్తే తారుమారు కావచ్చును. వంగుటకు వీలైన అణువు అనేక భంగిమలలో నుండుటచే వక్రరేఖలు ఒకదాని నొకటి కొట్టివేయవచ్చును. అష్టభాగ నియమమును తనకు సంబంధము లేని అణువులకు వర్తింపజేసినచో తప్పుదారి పట్టించును. 1970వ దశకపు ఆరంభమున ద్వివర్ణత సిద్ధాంతముతో చేసిన ఒక గణనము బైవూట్ ఫలితమునకు విరుద్ధముగా వచ్చి పెద్ద చర్చ రేగినది. అదే నిజమైనచో గ్రంథములలోని అమరికలన్నియు తలక్రిందులు కావలసినదే. మరల పరిశీలింపగా దోషము గణనములో నున్నదనియు, బైవూట్ నిర్ణయము నిలుచుననియు తేలినది. ఎవరి పేరు పెద్దదని చూచి గాక, వేర్వేరు దారులు ఒకే చోటికి చేరునా యని చూచియే ఆ వివాదము తీరినది.

కావున విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇంతే. ప్రయోగ పుస్తకమున ధన చిహ్నము వ్రాయునపుడు అది కొలిచిన సంఖ్యయనియు, డి, ఎల్, ఆర్, ఎస్ అను అక్షరములు వ్రాయునపుడు అవి నిరూపింపవలసిన నిర్ణయములనియు మరువరాదు. ఏ పద్ధతివలన తెలిసినదో అక్షరము ప్రక్కనే వ్రాయవలెను. సాధ్యమైనంతవరకు ఒకదానితో నొకటి సంబంధములేని రెండు సాక్ష్యములు చూడవలెను. తెలియనిచో సాపేక్ష విన్యాసము మాత్రమే తెలిసినదని వ్రాయుట లోపము కాదు. ఫిషర్ వంటి మహామేధావియు అంతకుమించి నిరూపింపలేకపోయెను. కళాశాల కార్యవర్గము వారికి మా విన్నప మొకటి. వృత్తాకార ద్వివర్ణత యంత్రము చిన్న కళాశాలలకు అందుబాటులో నుండునది కాదు. కాని బంతులు, పుల్లలతో చేసిన అణు నమూనాలును, చక్కెర ద్రావణమును, ఒక పోలారిమీటరును ప్రతి విద్యార్థి చేతికి అందింపవచ్చును. నమూనాను అద్దము ముందుంచి, దాని ప్రతిబింబమును తన చేతులతో నిర్మించి, రెండును ఒకదానిపై నొకటి అమరవని తానే చూచిన విద్యార్థి, రేపు ఔషధశాలలోనో పరిశోధనాలయములోనో సగము మందును సగము విషముగా ఎంచి చూచు జాగ్రత్త నేర్చుకొనును.